రామనగర్ నుంచి దూబగుంట దాకా

మా ఊరిని మునిసిపాలిటీ చేయండి మహాప్రభో అని అర్జీలు పెట్టుకోవడం ఇప్పుడు మామూలే. నూరేళ్ల కిందట చీరాల, పేరాల జనం మాత్రం మునిసిపాలిటీ వద్దని ఏకంగా ఊరే విడిచి వెళ్లారు. తెలుగునాట అహింసా పోరాటాల కథ చెప్పమంటే చాలామంది ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెడతారు. నేను చీరాల దగ్గరే మొదలుపెడతాను. సత్యాగ్రహానికి ధైర్యం ఒక్కటే చాలదని, ఇల్లు, పొయ్యి, చేతికి పని, పక్కింటివాడి తోడు కూడా కావాలని మనకు మొదట తెలిసింది అక్కడే.

చీరాల నేతపనివాళ్ల ఊరు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేయడానికి పూనుకుంది. సుమారు 4,000 రూపాయలుండే పన్ను 30,000 దాటిపోయింది. పోనీ అంత కట్టినందుకు నీళ్లో దీపాలో పెరిగాయా అంటే అదీ కనబడలేదు. జనం అర్జీలు పెట్టారు, పన్ను మానేశారు, కొందరు జైలుకూ వెళ్లారు. అప్పుడు వాళ్లకు దొరికిన నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి. అయినా పల్లెజనానికి పాటలతో, పద్యాలతో, చమత్కారాలతో రాజకీయం చెప్పగలిగినవాడు. రుద్రాక్షలు, కాషాయం ధరించిన వెయ్యి మంది వాలంటీర్లతో ఆయన కట్టిన రామదండు అప్పటికే పేరు తెచ్చుకుంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో జనాన్ని అదుపు చేసింది ఆ దండే.

బెజవాడ సభ ముగిశాక ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. రెండు దారులు చూపారు. అహింస తప్పకుండా పన్ను నిరాకరించడం ఒకటి, మునిసిపాలిటీ ఎల్లలు దాటి వెళ్లిపోవడం రెండోది. కాంగ్రెస్ నుంచి డబ్బు ఆశించవద్దని కూడా ముందే చెప్పారు. జనం రెండోది ఎంచుకున్నారు. ఊళ్లో ఇల్లుంటేనే కదా ఇంటిపన్ను! 15,000 మందిలో దాదాపు 13,000 మంది పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. తగవులు తీర్చుకునే ఏర్పాటూ అక్కడే చేసుకున్నారు. అంటే నిరసన తెలపడానికి వెళ్లినవాళ్లు ఒక చిన్న ప్రభుత్వాన్నే నడిపారన్నమాట.

పదకొండు నెలలు అలా గడిచాయి. మధ్యలో గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు, తిరుచిరాపల్లి జైలుకు పంపారు. ఎండలకూ వానలకూ పాకలు ఆగవు. పాకలో మగ్గం సాగదు. విరాళాలు పలచబడ్డాయి. ఒక్కో కుటుంబమూ వెనక్కి వచ్చేసింది. జనం పిరికివాళ్లయి ఓడిపోయారని ఎవరూ అనలేరు. ఇంటిల్లిపాదినీ ఏడాదిపాటు పోషించే ఆసరా లేక ఓడిపోయారు. ఆ తేడాను మన చరిత్ర పుస్తకాలు సరిగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

చీరాల అప్పట్లో ఉన్న గుంటూరు జిల్లాలోనే 1921 చివర పెదనందిపాడు ఫిర్కా పన్ను నిరాకరించింది. ఇక్కడ రైతుల పట్టుదలకు తోడు ఇంకోటి కలిసొచ్చింది. కరణాలు, మునసబులు రాజీనామాలు చేశారు. ఎవరి భూమి ఎంతో, శిస్తు ఎంతో తెలిసినవాళ్లు వాళ్లే. వాళ్లు పక్కకు తప్పుకుంటే కలెక్టరు చేతులు కట్టేసినట్టే. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనను నడిపి ఎక్కడా దెబ్బలాట రాకుండా కాశారు. అయితే ఖద్దరు, అంటరానితనం తొలగింపు లాంటి షరతులు నెరవేరకుండా పన్ను నిరాకరణ తొందరపాటని గాంధీ కొండా వెంకటప్పయ్యకు రాశారు. 1922 ఫిబ్రవరిలో రాష్ట్ర కాంగ్రెస్ ఉద్యమాన్ని విరమించింది. చౌరీచౌరా ఘటన, సహాయ నిరాకరణను ఆపేసిన బార్డోలీ తీర్మానం కూడా ఆ నెలలోవే. రైతులు మారుమాట లేకుండా పన్ను కట్టేశారు. ఉద్యమం పైనుంచి మాట రాగానే ఆగిపోతే ఊరికి మిగిలేదేమిటి? గాంధీ షరతుల్లో న్యాయముంది, కాదనను. కానీ ఆ నిర్ణయం తీసుకున్నది పెదనందిపాడు కాదు.

పల్నాడు కథ ఇంకా చేదు. అక్కడి రైతులు అడవిలో పశువుల మేతకు పుల్లరి పన్ను కట్టబోమన్నారు, అధికారులకు నీళ్లూ నిప్పూ బంద్ చేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు.

ఆ తర్వాత ఉప్పు సత్యాగ్రహం, నిజాం రాజ్యంలో 1938 నాటి స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, ఉస్మానియాలో వందేమాతరం ఉద్యమం. వీటి గురించి అందరూ రాశారు, నేను దాటేస్తున్నాను.

ఆగవలసింది పొట్టి శ్రీరాములు దగ్గర. ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన దీక్షకు ముందు ఆయన నెల్లూరులో హరిజనుల ఆలయ ప్రవేశం కోసం నిరాహార దీక్షలు చేశారు. ఆ సంగతి ఇప్పుడు విగ్రహాలకు దండలు వేసేవాళ్లలో ఎంతమందికి గుర్తుందో! 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట దీక్ష మొదలుపెట్టారు. 58 రోజులకు, డిసెంబరు 15న కన్నుమూశారు. మొదట్లో జనం కదిలింది తక్కువే. ఆయన పోయాక మాత్రం ఊళ్లు భగ్గుమన్నాయి, రైల్వే ఆస్తులు తగలబడ్డాయి, కాల్పుల్లో మనుషులు చనిపోయారు. నాలుగు రోజులకు నెహ్రూ రాష్ట్రాన్ని ప్రకటించారు. అహింసను చివరిదాకా పట్టుకున్నది ఆ ఒక్కడే. రాష్ట్రం వచ్చిందన్న సంతోషంలో ఈ మాట మనం మెల్లగా మింగేశాం.

నలభై ఏళ్ల తర్వాత అదే నెల్లూరు జిల్లా మరో పాఠం చెప్పింది, ఈసారి అక్షరాలా పాఠమే. 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబళ్లకు కూలికెళ్లే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాచకంలో తాగుడు వల్ల కూలిపోయిన సంసారం కథ ఉంది. చదువుతుంటే అది వాళ్ల ఇంటి కథే. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, మిగతా ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించారు. ఆ మాట చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. చేతిలో చీపురు, కొంగున కారప్పొడి. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. కొన్ని ఊళ్లలో తాగినవాళ్లకు గుండు గీయించారు. దాన్ని అహింస అనవచ్చా? నేను అనలేను. కానీ రోజూ ఇంట్లో దెబ్బలు తిన్న ఆడదాన్ని ముందు ఆ ప్రశ్న అడగబుద్ధి కాదు.

ఈ ఉద్యమాన్ని ఆపమని చెప్పగల నాయకుడు లేడు. బలం అక్కడే ఉంది. వావిలాల గోపాలకృష్ణయ్య లాంటి పెద్దలు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు వెనక నిలిచారు గాని పగ్గాలు ఆడవాళ్ల చేతిలోనే ఉన్నాయి. 1993లో ముందు నెల్లూరులో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఖజానా నిండాలి కదా.

మరి ఏం మిగిలింది? సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని నెల్లూరు ఆడవాళ్లు పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. డ్వాక్రా సంఘాలు ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా పాతుకోవడానికి ఆ రూపాయి పెద్ద ఊతమైంది. చీరాల జనానికి లేనిది ఇదే, కష్టకాలంలో చేయి పెట్టి తీసుకోగల ఉమ్మడి డబ్బు.

ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణలో 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలోనూ ఉద్యమాన్ని నిలబెట్టుకునే ఈ నేర్పు కనిపిస్తుంది. వృత్తికో ఐక్య కార్యాచరణ కమిటీ (జేఏసీ), ఊరికో జేఏసీ, రోడ్ల మీద వంటావార్పు. పొయ్యి తీసుకొచ్చి రోడ్డు మీదే పెట్టారు.

నిషేధం పోయింది, పొదుపు సంఘం ఉంది. చీరాల ఇవాళ్టికీ మునిసిపాలిటీయే, పేరాల అందులో ఒక పేట.