ప్రాణవాయువు పగబట్టిన వేళ

పక్షవాతం అన్న మాటలోనే వాతం ఉంది. వాతం ప్రకోపించి శరీరంలో ఒక పక్షాన్ని పడగొడుతుందని మన పూర్వులు తలచారు. గ్రీకులు దీనిని అపోప్లెక్సీ అన్నారు, అంటే దెబ్బ తిని కూలిపోవడం. ఆ దెబ్బ కొట్టినదెవరో చాలాకాలం తెలియలేదు. 1658లో స్విట్జర్లండు వైద్యుడు వెప్ఫర్ మృతదేహాలను పరీక్షించి, మెదడులో రక్తస్రావమే ఇందుకు కారణమని చూపాడు. నాళం మూసుకుపోయినా ఇలాగే జరగవచ్చుననీ ఊహించాడు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు విర్ఖో, ఒకచోట పుట్టిన నెత్తుటి గడ్డ కొట్టుకుపోయి మరొకచోట నాళానికి అడ్డుపడుతుందని నిరూపించాడు.

కథలో రెండవ పాయ ప్రాణవాయువుది. 1954లో రెబెకా గెర్ష్‌మన్, డేనియల్ గిల్బర్ట్ తదితరులు ఒక చిత్రమైన మాట చెప్పారు: ఆక్సిజన్ ఎక్కువైనా, ఎక్స్ కిరణాలు సోకినా శరీరానికి కలిగే హాని ఒకే తీరుది, రెండింటికీ మూలం ఫ్రీ రాడికల్సే. నమ్మినవారు తక్కువ. 1938లోనే మాన్, కీలిన్ పశువుల రక్తం నుంచి రాగి కలిసిన నీలి ప్రొటీనునొకదానిని వేరుచేశారు. దాని పని ఏమిటో ముప్ఫై ఏళ్ళ పాటు ఎవరికీ తెలియలేదు. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ ఆ గుట్టు విప్పారు. సూపరాక్సైడ్ అనే విషాన్ని విరిచే ఎంజైము అది. శత్రువు లేనిదే కావలివాడెందుకు? 1985లో హెల్ముట్ సీస్ ఈ పోరుకు 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అన్న పేరును స్థిరపరచాడు.

శరీరపు బరువులో నూటికి రెండు వంతులే ఉన్న మెదడు, ప్రాణవాయువులో ఇరవై వంతులు తానే వాడుకుంటుంది. నాళం మూసుకుంటే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అడుగంటుతుంది. (1929లో ఏటీపీని కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.) విచిత్రమేమంటే, గడ్డ కరిగి నెత్తురు తిరిగి పారినప్పుడు ఆ ప్రాణవాయువే పగబట్టి కణాల కొవ్వుపొరలను చెరుపుతుంది.

ఆ చెరుపు ఆనవాళ్ళు రక్తంలో దొరకవా? కొవ్వు చెడితే పుట్టే మలోన్‌డైఆల్డిహైడ్‌ను థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో వేడిచేస్తే గులాబి రంగు వస్తుంది. పరీక్ష సులువే, కానీ ఆ రంగు తెప్పించే పదార్థాలు ఇంకా ఉన్నాయి. 1990లో మారో, రాబర్ట్స్ బృందం గుర్తించిన ఐసోప్రోస్టేన్లు అంతకంటె నమ్మదగినవి. అయినా చిక్కు తీరలేదు. పక్షవాతానికి దారితీసే మధుమేహం, పొగతాగడం కూడా ఈ గుర్తులను పెంచుతాయి. పొగను చూసి, ఇల్లు కాలుతోందో పొయ్యి మండుతోందో చెప్పమన్నట్టుంది!

మందుల కథా ఇంతే. ఫ్రీ రాడికల్స్‌ను పట్టే ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు 2006లో ఆశలు రేపింది. మూడువేలమందికి పైగా రోగులతో జరిపి, 2007లో ఫలితాలు ప్రచురించిన పరీక్షలో విఫలమయింది. ఈడరవోన్‌కు మాత్రం జపాన్ 2001లోనే అనుమతి ఇచ్చింది.

గుండెపోటుకు ట్రోపోనిన్ ఉన్నట్టు, మెదడులో నాళం మూసుకుందని తేల్చి చెప్పే రక్తపరీక్ష నిత్యవైద్యంలో నేటికీ లేదు. గడ్డ కరిగించే మందు రక్తస్రావం ఉన్నవారికి ప్రాణాంతకం. కనుక ముందు స్కాన్ తప్పదు. స్కాన్ యంత్రం లేని ఊళ్ళో రోగి మూతి వంకర తిరిగిన క్షణం నుంచి కాలం కరిగిపోతూనే ఉంటుంది. ఒక్క నెత్తుటిబొట్టు ఆ జవాబు చెప్పగలిగిన నాడు, ఆ నీలి ప్రొటీను మొదలుకొని సాగిన ఈ శ్రమంతా సార్థకమవుతుంది.