చుక్కలను కొలిచినవారు: తెలుగునాట నక్షత్రవీక్షణ చరిత్ర

రాయలసీమలో వానకు కరవు గాని చుక్కలకు కరవు లేదు. మబ్బు లేని రాత్రులు ఈ సీమలో పెక్కు. పూర్వము కడప ప్రాంతమున తెల్లవారుజామున కపిల తోలుటకు లేచు రైతు వేగుచుక్కను చూచియే వేళ నిర్ణయించుకొనెడివాడు. పిల్లలకోడి ఆకాశమున ఎంత దూరము వచ్చినదో చూచి రాత్రి ఎంత గడచినదో చెప్పగల వృద్ధులు గ్రామములలో ఉండెడివారు. గడియారము లేని ఇంటికి ఆకాశమే గడియారము. అయితే చూచుట వేరు. చూచినదానిని కొలిచి, వ్రాసి, తరువాతివారికి అందించుట వేరు. ఈ రెండవ పనిని తెలుగునాట ఎవరు పూనిరో, ఏ పరికరములతో నెరవేర్చిరో తెలిసికొనదగినది.

ఈ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము రాయలసీమలోనే జరిగినది. 1802లో మద్రాసు సమీపమున సెయింట్ థామస్ కొండ వద్ద భూమిని కొలువ మొదలిడిన విలియం లాంబ్టన్ 1811లో గుత్తి ప్రాంతమునకు వచ్చి, నూరడుగుల ఉక్కు గొలుసుతో ఒక ఆధారరేఖను కొలిచెను. పగలు నేలను కొలిచిన ఆ బృందమునకు రాత్రి నక్షత్రములతో పని. నడినెత్తిపైకి వచ్చు చుక్కల స్థానమును తెలుపు యంత్రమొకటి వారివద్ద ఉండెను. ఒకే నక్షత్రము దక్షిణమున ఒక ఊరిలోను, ఉత్తరమున మరియొక ఊరిలోను నడినెత్తినుండి ఎంత ఒరిగి కనబడునో చూచి, ఆ భేదమును రెండు ఊళ్ల నడుమ కొలిచిన దూరముతో పోల్చిన, భూగోళముపై ఒక డిగ్రీ పొడవు ఎంతయో తేలును. భూమి సరియైన గుండు కాదనియు, ధ్రువముల వద్ద కొంచెము అణగియున్నదనియు అట్టి కొలతలే స్థిరపరచినవి. ఆ మహాకార్యమున గుత్తి ఒక మజిలీ.

లాంబ్టన్ కొలత ప్రభుత్వకార్యము. సొంత ధనముతో, సొంత ఆసక్తితో ఆకాశమును పరిశీలించిన తెలుగువారిలో ప్రథమగణ్యుడు విశాఖపట్టణపు జమీందారు గోడే వెంకట జగ్గారావు. ఆయన మద్రాసు నక్షత్రశాలలో టి. జి. టైలరు వద్ద జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించి, 1840లో విశాఖలోని తన నివాసమున వేధశాల నెలకొల్పెను. జనులు దుర్భిణి యని పిలుచు దూరదర్శిని అందు ప్రధాన పరికరము. దాని కటకము వెడల్పు సుమారు ఐదు అంగుళములు. కటకము ఎంత వెడల్పైన అంత ఎక్కువ వెలుతురు కంటికి చేరును. ఒంటి కంటికి కానరాని చుక్కలు దుర్భిణిలో కానవచ్చుటకు ఇదియే కారణము. జగ్గారావు 1856లో చిన్నవయసుననే మరణించెను.

దాత మరణముతో యంత్రములు మూలబడుట లోకమున సాధారణము. విశాఖలో అట్లు జరుగలేదు. జగ్గారావు అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ భారమును వహించెను. 1874లో ఆయన ఆరు అంగుళముల కుక్ దూరదర్శినిని సమకూర్చుకొని, ఆ యేడు డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా సాగిన అపూర్వదృశ్యమును పరిశీలించెను. ఆయన పరిశీలనలు లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో వెలువడినవి. 1871లోనే ఆ సంస్థ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనియుండెను. 1892లో ఆయన మరణించెను. ఆ వేధశాల నేడు లేదు. అచ్చుపడిన లెక్కలు మాత్రము నిలిచియున్నవి.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగునేలమీదుగా సాగెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున, మద్రాసు నక్షత్రశాలాధికారి పోగ్సన్ మచిలీపట్టణమున యంత్రములు నిలిపిరి. మద్రాసునుండియే మరియొక బృందము చింతామణి రఘునాథాచారి ఆధ్వర్యమున, కర్నూలుకు ఉత్తరమున కృష్ణ కావలనున్న వనపర్తికి వెడలెను. సూర్యుని అంచున కనబడు ఎర్రని జ్వాలలు మండు వాయువులని ఆనాడు తెలిసెను. గ్రహణము లేకున్నను వాటిని చూచు ఉపాయమును జాన్సెన్ మరునాడే గుంటూరున ప్రయోగించి నెగ్గెను. ఆ కాలపు పరిశీలనలలో కనబడిన ఒక పసుపుపచ్చని గీత నాటివరకు ఎరిగిన ఏ మూలకమునకును చెందలేదు. సూర్యుని గ్రీకు నామమునుబట్టి దానికి హీలియమని పేరిడిరి. 1895లో రామ్సే దానిని భూమిపై కనుగొనెను.

రఘునాథాచారి జీవితమున పల్లెజనులకు దగ్గరి విషయము మరియొకటి గలదు. 1867లో వెలుగు మారు నక్షత్రమొకదానిని కనుగొన్న ఆయన, పంచాంగగణితమును ఆకాశముతో సరిచూచుకొనవలెనని వాదించెను. దినమునకు ఒక్క నిమిషము వెనుకబడు గడియారము రెండు నెలలకు ఒక గంట తప్పును. అట్లే పూర్వగ్రంథములందలి స్వల్పభేదములు శతాబ్దములు గడచునప్పటికి గ్రహణవేళలను తప్పించును. ఆచారి పూర్వులను నిందింపలేదు. కంటికి కనబడునదానితో లెక్కను సవరించుటయే వారికి చేయు గౌరవమని చాటుచు దృగ్గణిత పంచాంగమును కూర్చెను. వాడుక పద్ధతిని వీడనొల్లనివారు ఎదిరించిరి. గ్రహణము పట్టు విడుపులను లోకమెల్ల చూడగలదు గావున, తీర్పు చెప్పవలసినది ఆకాశమే. శుక్రసంక్రమణమును సామాన్యులకు బోధించుటకు సంభాషణరూపమున ఒక చిన్న పుస్తకమును కూడ రచించి, 1880లో ఆయన కన్నుమూసెను.

తరువాతి ఘట్టమునకు రంగస్థలము హైదరాబాదు. నవాబు జఫర్ జంగ్ 1901లో పదునైదు అంగుళముల గ్రబ్ దూరదర్శినిని కొని, నగరమున వేధశాలకు పునాది వేసెను. ఆయన మరణానంతరము 1908లో నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించెను. ప్రపంచదేశములు పంచుకొని చేసిన నక్షత్రపట్టికలో ఆ నిజామియా నక్షత్రశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను నమోదు చేసినది. అచ్చటి ఉద్యోగి కుమారుడే వేణు బప్పు. విద్యార్థిదశనుండియే చుక్కలను పరిశీలించిన ఆ యువకుడు 1949లో ఒక తోకచుక్కను కనుగొని, పిదప అంతర్జాతీయ ఖగోళసంఘమునకు అధ్యక్షుడయ్యెను. తమిళనాట కావలూరులో 1986లో ప్రతిష్ఠింపబడిన పెద్ద దూరదర్శిని ఆయన పేరనే వెలసినది.

వీరిలో జమీందారు గలడు, నవాబు గలడు, జీతము తిన్న ఉద్యోగియు గలడు. ధనము యంత్రమును తెచ్చినది. దానిని సార్థకము చేసినది ఓర్పు. నేడు ఆరంభించువారికి వేధశాల అక్కరలేదు. ఏడురెట్లు పెంచి చూపు జంటకటకముల దుర్భిణిని ఒక గోడకు ఆనించి కదలకుండ పట్టిన, 1610లో గెలీలియో కనుగొన్న గురుగ్రహపు నాలుగు చందమామలు కానవచ్చును. శనివలయములకు మాత్రము కాలిపీటపై నిలిపిన దూరదర్శిని వలయును. తగిన వడపోత లేకుండ ఏ దుర్భిణితోను సూర్యుని చూడరాదు. క్షణములో చూపు పోవును.

చూచిన తేదీ, వేళ, స్థలము ఒక పుస్తకమున వ్రాసియుంచుట అన్నింటికంటె ముఖ్యము. నరసింగరావు వేధశాల గోడలు పోయినను ఆయన చూచినది పోలేదు. కారణము, అది అచ్చయి గ్రంథాలయముల బీరువాలలో చేరుటయే. శుక్రసంక్రమణము మన దేశమున 2004, 2012 సంవత్సరములలో కనబడినది. మరల 2117 వరకు రాదు. ఆనాటివారికి నేటి పరిశీలనలు అందవలెనన్న, అట్టి వ్రాతలను భద్రపరచు బీరువా ప్రతి గ్రామమునను ఉండవలెను.