పిరికితనం కాదు

మొన్న సాయంత్రం తార్నాక నుండి ఉస్మానియా ప్రాంగణంలోకి నడిచాను. టెన్నిస్ ఆడుతున్న కుర్రవాళ్ళలో ఒక్కడూ సర్వీస్ చేసి నెట్ వద్దకు ఉరకలేదు. అందరూ బేస్‌లైన్ వద్దే నిలిచారు. ఇలాగే ఆడిన శిష్యుణ్ణి ఒకప్పుడు "పిరికివాడా" అని గద్దించాను. అది అన్యాయం.

2001లో వింబుల్డన్ వారు పచ్చికను పూర్తిగా రై గడ్డికి మార్చారు. నేల గట్టిపడి బంతి ఎత్తుగా లేవసాగింది. పాలియెస్టర్ తీగల రాకెట్లతో, ముందుకొచ్చినవాడి పాదాల వద్దకే బంతిని దించడం సులువైంది. 2001 ఫైనల్లో ఇవానిసెవిచ్, రాఫ్టర్ ఇద్దరూ నెట్ వద్దకు ఉరికినవారే. మరుసటి ఏడు హ్యూయిట్, నల్బాండియన్ సర్వీస్ వెంట ఒక్కసారీ రాలేదు. 2005లో మన హైదరాబాదులో సానియా మీర్జా టైటిల్ గెలిచిందీ బేస్‌లైన్ నుండి కొట్టిన ఫోర్‌హ్యాండ్ బలంతోనే. ఆమెను పిరికిదని ఎవరనగలరు?

మారినది నేల, తెగువ కాదు. ఆ శిష్యుడికి నేనొక క్షమాపణ బాకీ.