పాటకు ఆధారము



భూమి దస్తావేజునందు నాలుగు హద్దులు వ్రాయక విడిచినచో కొన్నాళ్లకు తగవు పుట్టునని మీకు చెప్పనక్కరలేదు. ఆ నియమము పాటలకును వర్తించును. “ఈ కీర్తన అన్నమాచార్యులది”, “ఈ రాగలక్షణము వేంకటమఖి చెప్పినది” అని పుస్తకములలో వ్రాయుదురు. అది ఎచ్చటనుండి గ్రహించిరో పలువురు చెప్పరు. ఆధారము చూపుట పండితుల ఆడంబరమని కొందరి తలంపు. నేను సంగీతమును గూర్చిన పుస్తకము చేతికి వచ్చినప్పుడు మొదట పుట అడుగుననుండు వ్రాతను వెదకుదును. అట్లేల చేయుదునో కొన్ని నిదర్శనములతో నేడు మనవి చేసెదను.

ఈ ఆచారము మనకు పరదేశమునుండి వచ్చినది కాదు. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమునందుండిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరము ప్రారంభమున భరతుడు, మతంగుడు, యాష్టికుడు మొదలగు పూర్వాచార్యులను పేర్కొనినాడు. శార్ఙ్గదేవునికి బహుపూర్వుడైన మతంగుడు బృహద్దేశియందు యాష్టికుని మతమును యాష్టికుని పేరుతోనే చెప్పినాడు. యాష్టికుని గ్రంథము నేడు మనకు దక్కలేదు. తరువాతివారు పేరు చెప్పి ఉదాహరించుటచేతనే ఆయన మతము కొంతయైన నిలిచినది.

మన తెలుగునాటనే ఇంతకంటె చక్కని నిదర్శనము కలదు. తాళ్లపాక అన్నమాచార్యులు సంకీర్తనముల లక్షణమును గూర్చి సంస్కృతమున నొక గ్రంథము రచించిరి. కుమారుడు పెదతిరుమలాచార్యులు దానికి వ్యాఖ్య వ్రాసిరి. ఆ రెండును నేడు లేవు. మనుమడు చినతిరుమలాచార్యులు తెలుగు పద్యములలో రచించిన సంకీర్తనలక్షణము మాత్రము మిగిలినది. తాను తాతగారి గ్రంథమును, తండ్రిగారి వ్యాఖ్యను అనుసరించితినని ఆయన అందు చెప్పినారు. ఆ ఒక్క మాట చెప్పక, అంతయు తనదేయన్నట్లు వ్రాసికొనియుండినచో, మనము రెండు గ్రంథములను పోగొట్టుకొనుటయే కాక, పోగొట్టుకొన్న సంగతియైన ఎరుగకుందుము.

ఇందుండి వ్రాయువారు గ్రహింపవలసిన నియమమొకటి కలదు. మనుమని పద్యములను చదివినవాడు “అన్నమాచార్యులు తమ సంస్కృత గ్రంథమున నిట్లు చెప్పిరి” అని వ్రాయరాదు; ఆ గ్రంథమును ఆయన చూడలేదు గదా! “అన్నమాచార్యులిట్లు చెప్పిరని చినతిరుమలాచార్యులు వ్రాసిరి” అనవలెను. కన్నదానిని కన్నట్లు, విన్నదానిని విన్నట్లు చెప్పుటయే దీని సారము.

ఇక పాటల సంగతి. తాళ్లపాకవారి సంకీర్తనములు వేలకొలది రాగిరేకులపై చెక్కబడి తిరుమల దేవాలయమునందుండెను. 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన క్యాంబెల్ దొర ఆ రేకులను గూర్చి విని, ఒక మనిషిని పంపి చూపించి, ఒక లక్షణగ్రంథము తప్ప మిగిలినవన్నియు దేవుని స్తోత్రములేయని వ్రాసి ఊరకుండెను. 20వ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారి కృషిచేత అవి లోకమునకు తెలిసినవి.

ఆ రేకులపై పాట కలదు, రాగము పేరు కలదు, స్వరములు లేవు. నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలగు విద్వాంసులు 20వ శతాబ్దమున కూర్చినవి. కొన్ని పాటలు రేకుపై నున్న రాగమున గాక వేరొక రాగమున పాడబడుచున్నవి. అందు దోషమేమియు లేదు. పాట బ్రదుకవలెనన్న గొంతు కావలెను గదా! కాని “రచన అన్నమాచార్యులు, రాగము ఫలానా” అని మాత్రము అచ్చువేసినచో, ఆ వరుస 15వ శతాబ్దమునాటిదేయని చదువరి నమ్మును. అప్పుడు రేకుపై నున్న రాగము మరుగున పడును. వరుస కూర్చిన విద్వాంసుని శ్రమయు మరుగున పడును. సాహిత్యమునకు రేకు సాక్షి. వరుసకు విద్వాంసుడు సాక్షి. ఇద్దరు సాక్షులను వేరువేరుగ పేర్కొనవలెను.

ముద్రను చూచి కర్తను నిర్ణయింపవచ్చునుగదా యని మీరు అడుగవచ్చును. ముద్ర మంచి గుర్తే. కాని వేంకటేశ ముద్రను అన్నమాచార్యులే కాక కుమారుడును మనుమడును వాడినారు. కావున ముద్రతోపాటు ఆ పాట ఎవరి రేకులలో నున్నదో కూడ చూడవలెను.

మరియొక నిదర్శనము. 1904లో ఎట్టయాపురమునుండి సుబ్బరామదీక్షితులుగారు సంగీతసంప్రదాయప్రదర్శినిని తెలుగున ప్రకటించిరి. సంగీతమునకు అంతటి ఉపకారము చేసిన గ్రంథములు అరుదు. అందు రాగలక్షణ శ్లోకములు వేంకటమఖి పేరున నున్నవి. వేంకటమఖి 17వ శతాబ్దమున తంజావూరున చతుర్దండిప్రకాశికను రచించినవాడు. 1934లో మద్రాసు సంగీత విద్వత్సభవారు ఆ ప్రకాశికను అచ్చువేయగా, ఆ శ్లోకములు మూలమునకు చెందక అనుబంధముగ నున్నవని లోకమునకు తెలిసినది. అవి తరువాతి కాలమువారి కూర్పని పలువురు పరిశోధకుల అభిప్రాయము. దీక్షితులుగారు తమకు పరంపరగ వచ్చిన మాటను నిజాయితీతో చెప్పిరి. మనము మాత్రము “వేంకటమఖి చెప్పెను” అని ఊరకొనక, “ప్రదర్శినియందు వేంకటమఖి పేరున నున్న శ్లోకము” అని వ్రాసినచో, వెనుకటి వస్తువును ముందటిదిగ చూపిన దోషము మనకు రాదు.

ఆధారము వ్రాయు విధము కష్టమైనది కాదు. అచ్చు పుస్తకమైనచో కర్త, గ్రంథము, పరిష్కర్త, అచ్చైన ఊరు, సంవత్సరము, పుట. వ్రాతప్రతియైనచో అది యుండు భాండాగారము, ప్రతి సంఖ్య, ఆకు సంఖ్య. గ్రామఫోను ప్లేటైనచో పాడినవారు, కంపెనీ, ప్లేటు నంబరు. నోట విన్న పాటయైనచో పాడినవారి పేరు, వారు ఎవరివద్ద నేర్చిరి, ఏ ఊరు, ఏ దినము. పుస్తకమంతట ఈ వరుసను ఒకే తీరున పాటింపవలెను. అప్పుడు చదువరి తానే పోయి సరిచూచుకొనగలడు.

పెద్దలగు మీకు ఇది ఏల చెప్పుచున్నాననగా, భజన పాటలు, కోలాటపు పాటలు, పెండ్లి పాటలు అనేకము అచ్చున లేవు. వాని ఆధారము మీ జ్ఞాపకమే. ఎవరైన వచ్చి పాట వ్రాసికొనునపుడు, మీరు దానిని ఎవరివలన వింటిరో అదికూడ వ్రాయించుడు. కర్త పేరు తెలియనిచో “కర్త తెలియదు” అని వ్రాయించుడు. గొప్పవాని పేరు తగిలించుటకంటె అది ఎంతయో మేలు. ఏలయనగా, తెలియదను మాటను చూచి రేపు మరియొకడు వెదకును. తప్పు పేరును చూచినవాడు వెదకుట మానును. మీ తండ్రిగారు పాడిన పాటయందు మీ తండ్రిగారి పేరు నిలుచుట న్యాయము.