మలద్వార జన్మలోపాలు: చికిత్సా చరిత్ర – కృష్ణా డెల్టా అనుభవం

పరిచయం

కొందరు శిశువులకు పుట్టుకతోనే మలద్వారం ఉండదు, లేదా ఉండవలసిన చోట కాక మరోచోట తెరుచుకుని ఉంటుంది. సుమారు 5,000 జననాలలో ఒకరికి ఈ లోపం కనిపిస్తుంది. గర్భం తొలి వారాలలో పురీషనాళం, మూత్రమార్గం సరిగా విడివడకపోవడం వల్ల ఇది ఏర్పడుతుంది. గ్రహణం వేళ తల్లి చేసిన పనికీ దీనికీ సంబంధం లేదు. మలం పోయే దారి లేకపోతే పొట్ట ఉబ్బి, వాంతులై, కొద్ది రోజుల్లోనే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల ఈ చరిత్రలో రెండు ప్రశ్నలను కలిపి చూడాలి. వైద్యులు ఏమి నేర్చుకున్నారు? ఆ విద్య బిడ్డకు సకాలంలో అందిందా?

చికిత్స పరిణామం

7వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు పౌలస్, ద్వారాన్ని మూసిన పొరను వేలితో గాని కత్తితో గాని తెరవాలని రాశాడు. పేగు బాగా పైనే ఆగిపోయిన శిశువులకు ఇది పనిచేయదు. అటువంటివారికి పొట్టమీద దారి చేయవచ్చని 1710లో ఫ్రాన్సులో లిట్రే సూచించాడు. 1793లో బ్రెస్ట్ పట్టణంలో డ్యూరే మూడు రోజుల శిశువుకు ఆ పని చేశాడు. ఆ శిశువు పెరిగి 45 ఏళ్లు జీవించాడు. 1835లో ప్యారిస్‌లో ఆముస్సా పేగును కిందికి దించి చర్మానికి కుట్టాడు.

పేగు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి 1930లో అమెరికాలో వాంగెన్‌స్టీన్, రైస్ ఒక మార్గం చూపారు. బిడ్డను తలకిందులుగా పట్టుకుని ఎక్స్‌రే తీస్తే, పేగులోని గాలి దాని చివరకు చేరి దూరాన్ని తెలుపుతుంది. నేడు బిడ్డను బోర్లా పడుకోబెట్టి, పుట్టిన దాదాపు 24 గంటల తరువాత పక్కనుంచి ఎక్స్‌రే తీస్తున్నారు. 1980లో మెక్సికోలో పెన్యా వెనుకవైపు నడిమధ్యన కోసి, కండరాలను కళ్లారా చూస్తూ పేగును వాటి మధ్యలో అమర్చాడు. దీనితో ప్రాణం నిలపడంతోపాటు మలాన్ని ఆపుకునే శక్తిని కాపాడటం కూడా లక్ష్యమైంది.

కృష్ణా డెల్టాలో

ఆముస్సా శస్త్రచికిత్స చేసిన 1835లోనే మద్రాసులో వైద్య పాఠశాల మొదలైంది. కాని బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు 1899లో గాని రాలేదు. వైద్య కళాశాలలు విశాఖపట్నంలో 1923లో, గుంటూరులో 1946లో వచ్చాయి. పెన్యా కొత్త పద్ధతి చేపట్టిన 1980లోనే విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల ప్రారంభమైంది. సంవత్సరాలు కలిసినంత మాత్రాన ఆ పద్ధతి అదే ఏడు ఇక్కడికి వచ్చిందని అనుకోరాదు. ఒక విధానం పుట్టిన తేదీ వేరు, అది ప్రజలకు అందిన తేదీ వేరు.

దివిసీమ లంక గ్రామంలో మంత్రసాని చేతుల మీదుగా పుట్టిన బిడ్డకు మత్తు వైద్యుడు, పిల్లల శస్త్రవైద్యుడు, రక్తం ఉన్న ఆసుపత్రి కావాలి. పైగా పొట్టమీద దారి, కొత్త మలద్వారం, తరువాత పొట్టమీది దారిని మూయడం అంటూ తరచు మూడు దశల చికిత్స అవసరం. మూడుసార్లు ఖర్చు, మూడుసార్లు కూలి పోవడం. 2005లో మొదలైన 108 అంబులెన్సు దూరాన్ని, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఖర్చును కొంత తగ్గించాయి.

అయినా మొదటి అడుగు కాన్పుగదిలోనే పడుతుంది. బిడ్డ పుట్టగానే మలద్వారాన్ని చూడాలి. ఆడపిల్లలలో కొందరికి యోని ముఖద్వారం దగ్గర చిన్న రంధ్రం గుండా మలం వస్తుంది. మలం వచ్చింది కదా అని వదిలేస్తే లోపం నెలల తరబడి బయటపడదు.

సారాంశం

శస్త్రచికిత్స చరిత్రను కేవలం శస్త్రవైద్యుల చరిత్రగా రాస్తే అది సగమే అవుతుంది. రైలుమార్గం, కళాశాల, అంబులెన్సు, కాన్పు చేసిన చేతులు కూడా అందులో భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1930 నాటి ఎక్స్‌రే పద్ధతి ఏ సమస్యను పరిష్కరించింది?
2. మీ ప్రాంతంలో ఒక వైద్య సౌకర్యం ఎప్పుడు, ఎలా అందుబాటులోకి వచ్చిందో పెద్దలను అడిగి పది వాక్యాలలో రాయండి.