ఏరడం: గ్రెప్ కథ, మన అక్షరాల కథ

నేను చదివింది ఇంగ్లీషు మీడియం. అందుకే ఒక్కో తెలుగు మాట దగ్గర ఆగిపోతాను. ఈ వారం "ఫిల్టర్" దగ్గర ఆగాను. తెలుగులో దీనికి ఒక మాట కాదు, నాలుగు దొరికాయి. కాఫీ వడకడతాం. పిండి జల్లిస్తాం. బియ్యం చేటతో చెరుగుతాం. చివరికి మిగిలిన రాళ్లు చేత్తో ఏరతాం. ఈసారి చరిత్ర ఆ నాలుగో పని గురించే. కంప్యూటర్‌లో ఏరడం ఎవరు మొదలుపెట్టారు? మన తెలుగు అందులోకి ఎలా వచ్చింది?

మేముండే అరోరా షికాగోకి పడమర వైపు ఉంటుంది. పక్క ఊరు నేపర్‌విల్. 1966లో బెల్ ల్యాబ్స్ వాళ్లు అక్కడ ఇండియన్ హిల్ అనే పెద్ద ల్యాబ్ తెరిచారు. పేరు చూసి అది మన ఇండియావాళ్ల కొండ అనుకోకండి. అక్కడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మీద పని జరిగేది. వాటిలో 5ఈఎస్ఎస్ అనేది 1982లో మన ఇలినాయ్‌లోనే, సెనెకా అనే చిన్న ఊళ్లో, మొదటిసారి పనిలోకి వచ్చింది. దాని సాఫ్ట్‌వేర్ సీ భాషలో, యూనిక్స్ మీద రాశారు. అక్కడ పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా గుడికి వచ్చేవారు. నాకు గ్రెప్ నేర్పింది ఆయనే.

యూనిక్స్ పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1969లో న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్ వాళ్ల మరే హిల్ ఆఫీసులో. దాన్ని మొదలుపెట్టినవాళ్లు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ. గ్రెప్ ఎలా పుట్టిందో వాళ్ల తోటి ఉద్యోగి బ్రయాన్ కెర్నిహాన్ చెబుతుంటారు. లీ మెక్‌మాన్ అనే ఆయన ఫెడరలిస్ట్ పేపర్స్ మీద పని చేస్తున్నారు. అవి 1787, 1788లలో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన 85 వ్యాసాలు. అన్నిటి కింద ఒకటే మారుపేరు ఉంటుంది. రాసింది ముగ్గురు. ఏది ఎవరు రాశారో మాటల వాడుకని బట్టి చూడాలని మెక్‌మాన్ ఆలోచన. కానీ ఆ ఫైళ్లు అప్పటి ఎడిటర్‌కి పట్టలేదు. మెమరీ అంత తక్కువ.

ఆ ఎడిటర్ పేరు ఈడీ. ఫైలంతా వెతికి, ఫలానా మాట ఉన్న వరుసలు చూపించమని చెప్పడానికి అందులో ఒక ఆజ్ఞ ఉండేది. జీ, తర్వాత ఆర్ఈ, తర్వాత పీ. థాంప్సన్ ఆ ముక్కను ఎడిటర్ నుంచి బయటికి తీసి వేరే ప్రోగ్రాముగా చేశారు. అది ఫైలంతా ఒకేసారి మెమరీలో పెట్టుకోదు. ఒక్కో వరుస చదువుతుంది, కావలసినదైతే చూపిస్తుంది, లేకపోతే వదిలేస్తుంది. ఆ అక్షరాలన్నీ కలిపి పలికితే గ్రెప్. 1973 నాటి యూనిక్స్ మాన్యువల్లో అది ఉంది.

తర్వాత మెక్‌మాన్ స్వయంగా సెడ్ రాశారు. అది వరుసల్లో మాటలు మారుస్తుంది. 1977లో ఆక్ వచ్చింది. ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అనే ముగ్గురి ఇంటిపేర్లలో మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు. ఆక్‌కి వరుసలో గళ్లు తెలుసు. పేరు, గోత్రం, నక్షత్రం, ఊరు అని నాలుగు గళ్లున్న వరుస ఇస్తే "మూడో గడి చూడు" అని చెప్పవచ్చు. అలాంటి ఒక్కో వరుసనే రికార్డు అంటారు. ఒక ప్రోగ్రాము ఇచ్చింది ఇంకోదానికి అందించడానికి పైపులు ఉన్నాయి. తోటలో నీళ్ల గొట్టాలు ఒకదానికొకటి తగిలించినట్టు ప్రోగ్రాముల్ని తగిలించాలని డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టారు. చేట నుంచి జల్లెడలోకి, జల్లెడ నుంచి గిన్నెలోకి. మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే!

మరి తెలుగు? ఆ రోజుల్లో ఈ పనిముట్లకు తెలిసినవి ఇంగ్లీషు అక్షరాలే. అందుకే 1990లలో నెట్‌లో మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. దానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి వాడేవారు. అందులో చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. ఇప్పుడు గ్రెప్‌ని "చిన్నా పెద్దా తేడా చూడకు" అని అడిగితే, "పాత" కోసం వెతికినవాళ్లకి "పాట" కూడా వస్తుంది.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లో, మొదటి వెర్షన్‌లోనే, చోటు దొరికింది. ఆ అక్షరాల్ని యూనిక్స్ పనిముట్లు మింగగలిగేలా చేసినది యూటీఎఫ్-8. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం చేస్తూ కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని తయారు చేశారు. అవును, గ్రెప్ చేసిన థాంప్సనే.

అయినా అసలు ఆక్‌కి చాలాకాలం అక్షరాలు లెక్కపెట్టడం రాలేదు. "తెలుగు" పొడవెంత అంటే 18 అనేది, ఎందుకంటే అది బైట్లు లెక్కపెడుతుంది. 2022లో కెర్నిహాన్, తన 80 ఏళ్ల వయసులో, దానికి యూనికోడ్ నేర్పారు. ఇప్పుడు 6 అంటుంది. గుణింతం గుర్తుల్ని కూడా విడిగా లెక్కపెడుతుంది మరి. మనం 3 అంటాం. 80 ఏళ్లకి ఆయన ఆ పని చేయగలిగితే, అరవైల్లో నేను ఒత్తులు నేర్చుకోలేనా?

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక పూజకి కృత్తికా నక్షత్రం వాళ్ల పేర్లు సంకల్పంలో చదవాలి. మా భక్తుల జాబితా అంతా ఇంగ్లీషు స్పెల్లింగులో ఉంది. నేను గ్రెప్ కొట్టాను, తొమ్మిది పేర్లు వచ్చాయి. ఎంత సులువు అని మురిసిపోయాను. పూజలో ఒక పెద్దావిడ చేతులు జోడించి చివరిదాకా నిలబడ్డారు. ఆవిడ పేరు రాలేదు. జాబితాలో ఆవిడ నక్షత్రం ఉంది, కానీ మధ్యలో ఒక హెచ్ ఎక్కువుంది. కృత్తికని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో నేను ఆలోచించలేదు. క్షమించమని అడిగితే "ఏం ఫరవాలేదమ్మా, దేవుడికి నా పేరు తెలుసులే" అన్నారు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

గ్రెప్ అబద్ధం చెప్పదు. కానీ వదిలేసిన వరుసల గురించి ఒక్క మాట కూడా చెప్పదు. ఫెడరలిస్ట్ పేపర్స్‌లో మాట తప్పిపోతే లెక్క తప్పుతుంది. మా జాబితాలో తప్పిపోయేది మనిషి.

ఆ పెద్దాయనకి చెప్తే ఒక చిట్కా నేర్పారు. గ్రెప్‌కి హైఫన్ వీ అని తగిలిస్తే తిరగేసి పని చేస్తుంది, అంటే ఏరనివి చూపిస్తుంది. ఇప్పుడు నేను రెండుసార్లు నడుపుతాను. మొదట వచ్చినవాళ్లు, తర్వాత మిగిలినవాళ్లు. రెండో జాబితాని కళ్లతో చదువుతాను. రెండు లెక్కలూ కలిపితే మొత్తం రావాలి. నక్షత్రాల గడిని మెల్లగా తెలుగులోకి కూడా మారుస్తున్నాను. కృత్తికని తెలుగులో రాస్తే స్పెల్లింగు తేడాలు తగ్గుతాయి కదా.

మా అమ్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరి చేట అంచుకి నెట్టేది. పారేసే ముందు వాటిని మళ్లీ ఒకసారి వేలితో కదిపి చూసేది. ఎందుకమ్మమ్మా అంటే, రాళ్లలో బియ్యం గింజ పోకూడదు అనేది. చిన్నప్పుడు అది పిసినారితనం అనుకున్నాను.

ఈ వారం నేను నేర్చుకున్న మాటలు: చెరగడం, ఏరడం, గడి, సయించడం. తప్పులుంటే దయచేసి దిద్దండి. మళ్లీ కలుద్దాం.