షిట్జూ: సింహం పేరున్న చిన్న కుక్క

హైటెక్ సిటీ, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో విరివిగా వినిపించే ‘షిట్జూ’ అనే జాతి పేరు, చైనీస్ భాషలో సింహాన్ని సూచించే ‘షిజి’ అనే మాట నుంచి వచ్చింది. టిబెట్ మూలాలుండి చైనా రాజప్రాసాదంలో పెరిగిన ఈ కుక్కకు జూలు వంటి వెంట్రుకలే ఆ పేరు తెచ్చాయని చెబుతారు. సుమారు 4 నుంచి 7 కిలోల బరువుండే ఈ జీవి కాపలాకు కాక తోడుకే పుట్టినది. నొక్కినట్టుండే పొట్టి ముక్కు వల్ల శ్వాసమార్గం ఇరుకై, రొప్పడం ద్వారా ఒంటి వేడిని తగ్గించుకోవడం దానికి కష్టం కనుక, మే నెల మధ్యాహ్నం కాలిన సిమెంటు బాటపై దానిని నడిపించడం నిస్సందేహంగా క్రూరత్వం. 2018లో జీహెచ్ఎంసీ కొండాపూర్‌లో తెరిచిన కుక్కల పార్కుకైనా ఎండ ఎక్కకముందే తీసుకువెళ్లాలి. ఆగక పెరిగే వెంట్రుకలను రోజూ చిక్కుతీసి దువ్వాలి, కంటి మూలల్లో చేరే పుసిని తడి గుడ్డతో మెత్తగా తుడవాలి.